చేతి మీద పేరు

వరదల్లో కొల్లేటి మీద పడవ మునిగి రెండు రోజులైంది. ఆ పడవెక్కిన కూతురు స్నేహలత కోసం వరమ్మ ఏలూరు ఆసుపత్రి మార్చురీకి వచ్చింది.

"ముఖం గుర్తుపట్టలేరండీ, చెయ్యి చూడండి," అని అటెండరు దుప్పటి కాస్త తొలగించాడు.

ఉబ్బిన ముంజేతి మీద పచ్చబొట్టు కనిపించింది. వరమ్మ కళ్లు తుడుచుకుని కూడబలుక్కుంటూ చదివింది. 'మెర్సీ.'

"మా అమ్మాయి కాదండీ. దానికి పచ్చబొట్టు లేదు."

ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంటూ బయటికొచ్చి, వరండాలో బెంచీ మీద కూలబడింది. పక్కన ఆరేళ్ల పాప ఒక్కతే కూర్చుని ఉంది.

"ఎవరితో వచ్చావమ్మా?"

"తాతయ్యతోనండీ. మా అమ్మని వెతకడానికొచ్చాం. తాతయ్య ఆఫీసులో పేరు రాయిస్తున్నాడు."

"నీ పేరేంటి?"

"మెర్సీ అండీ. అమ్మ చేతి మీద కూడా నా పేరుంటుంది. నేను పుట్టాక పొడిపించుకుందంట."

వరమ్మకి ఇందాకటి స్తోత్రం గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకుంది.

అంతలో కొడుకు ఫిన్నీ పరుగున వచ్చాడు. "అమ్మా, అక్క బతికే ఉంది. ఆకివీడు ఆసుపత్రిలో ఉందంట. పద."

వరమ్మ ఏడ్చింది గాని లేవలేదు.

"నువ్వెళ్లి దాని దగ్గరుండు నాన్నా. నేను తర్వాత బస్సుకి వస్తాను."

ఆఫీసు గదిలోంచి ముసలాయన వచ్చి, అటెండరు వెంట మార్చురీలోకి నడిచాడు. వరమ్మ పాపని ఒళ్లోకి తీసుకుంది.