లిఫ్టు వద్దన్నా!

శామీర్‌పేట నుంచి అలియాబాద్ వైపు కరీంనగర్ రోడ్డు మీద పోయే జనానికి ఓ మంచి గుణం ఉంది. ఎవరైనా హడావుడిగా నడుస్తూ కనబడితే చాలు, బండి ఆపి ఎక్కమంటారు. ఈ మంచితనంతో పరమేశ్ ఏళ్లకేళ్లు వేగాడు. కూతురు అశ్రిత రేస్ వాకింగ్ అనే నడక పందేనికి సాధన చేస్తుంటే, చేపల డబ్బా కట్టిన మోపెడ్ మీద వెనకాలే వస్తూ, ఆగిన ప్రతి బండికీ చెయ్యూపి అరిచేవాడు: "లిఫ్టు వద్దన్నా! ఒలింపిక్స్‌కు పోయే పిల్ల!"

ఆడపిల్లకు నడుము తిప్పుకుంటూ ఆ నడకేమిటని మొదట్లో వెక్కిరించినవాళ్లే, ఆమె నిజంగా ఒలింపిక్స్‌కు ఎంపికయ్యాక మా ఊరి పిల్ల అని చెప్పుకున్నారు. ఏం మనుషులో!

అక్కడ పోటీ సగం దాటాక అశ్రితను బయటికి పంపేశారు. ఈ ఆటలో ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. ఆమె రెండు పాదాలూ గాల్లోకి లేస్తున్నాయని జడ్జీలు తేల్చారు. ఇంటికొచ్చాక ఎవరో ప్రేమగానే అన్నారు, "అందరు నడిస్తే నువ్వు ఉరికినవంట గదా, శాబాష్!" అని. ఆ రోజే అశ్రిత బూట్లు అటకెక్కించింది. జాతీయ పోటీలు దగ్గరపడుతున్నా గడప దాటలేదు. వాటికి వెళ్లకపోతే ఆమె ఆట ముగిసినట్టే. పరమేశ్ బతిమాలాడు, కోప్పడ్డాడు. ఓ పూట అన్నం కూడా మానేశాడు గానీ, ఆకలికి ఆగలేక మళ్లీ తనే కంచం ముందుకు లాక్కున్నాడు.

చివరికి ఓ పొద్దున తనే రోడ్డెక్కాడు. లుంగీ ఎగగట్టి, చేతులూపుతూ, నడుము తిప్పుతూ, అచ్చం కూతురిలా నడవబోయాడు. టీకొట్టు దగ్గర జనం పొట్ట పట్టుకుని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాడు గానీ ఆగలేదు. ఇన్నేళ్లూ పిల్ల ఈ నవ్వుల మధ్యే నడిచింది కదా అనుకున్నాడు. అలియాబాద్ ఇంకా దూరంగా ఉండగానే పిక్కలు పట్టేశాయి.

పాలక్యాన్ల బండి ఒకటి పక్కన ఆగింది. పొరుగింటి ఓదెలు.

"ఏందన్నా, బండి ఖరాబైందా? ఎక్కు, దింపుత."

పరమేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడానికి కాలు కూడా ఎత్తాడు.

"లిఫ్టు వద్దన్నా!"

వెనక నుంచి కేక. చేపల డబ్బా మోపెడ్ మీద అశ్రిత. టీకొట్టు నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టున్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మా నాయిన ప్రాక్టీస్ జేస్తుండు," అంది. ఓదెలు ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు.

"ఏంది నాయినా గీ పరేషాన్? అందరు నవ్వుతుండ్రు."

"నవ్వనియ్యి బిడ్డా. నిన్ను జూసి నవ్వినప్పుడు నేను బండి మీద గూసున్న. అదెట్లుంటదో ఇయ్యాల సమజైంది."

అశ్రిత మోపెడ్ దిగింది. తర్వాత ఆయన కాళ్లకేసి చూసింది.

"నీ మోకాలు వంగుతాంది. గట్ల గాదు."

"మరెట్ల? సూపెట్టు."

ఆమె మోపెడ్ ఆయన చేతికిచ్చింది. ఇంటి చెప్పులు విప్పి డబ్బాలో పడేసింది. నాలుగడుగులు వేసి ఆగుతుందనుకున్నాడు పరమేశ్. ఆగలేదు. ఆయన కళ్లు తుడుచుకుని బండి స్టార్ట్ చేసేలోపే మలుపు దగ్గరికి చేరింది.

అక్కడ ఓ కారు ఆమె పక్కన నెమ్మదించింది. అద్దం కిందికి దిగింది.

పరమేశ్ మోపెడ్‌ను దౌడు తీయించాడు. గట్టిగా అరిచాడు:

"లిఫ్టు వద్దన్నా! మా బిడ్డ నడుస్తాంది!"