లిదియమ్మ సాక్ష్యం

"మంట పోయింది! చేత్తో తీసేసినట్టు తీసేసినాడు నా దేవుడు!"

ఉదయగిరి చర్చిలో ఆదివారం ఆరాధన. సాక్ష్యాల వేళ మొదట లేచింది లిదియమ్మే. వారంగా ఆమెకు మూత్రంలో మంట, వణికించే చలిజ్వరం, నడుము పక్కల పోటు. ఆస్పత్రికి రమ్మంటే వేడి చేసిందంతే అంది. సబ్జా నీళ్లు తాగింది, ప్రార్థన చేసుకుంది. ఈ పొద్దు మంట లేదు. ఒళ్లు కూడా చల్లబడింది.

చర్చంతా "స్తోత్రం" అంది. కొడుకు సురేంద్రబాబు వీడియో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఆరాధన అయ్యి బయటికొస్తూ గేటు దగ్గరే ఆమె వాంతి చేసుకుంది. కోడలు సారా పట్టుకుంది. అత్త చేతులు మంచులా ఉన్నాయి. చెప్పుల పట్టీలు వాచిన పాదాల్లోకి దిగబడ్డాయి.

"అత్తా, పొద్దున్నుంచి బాత్రూంకి పోయినావా?"

"రాందే ఎట్టా పోతానే? నిన్నట్నుంచి రాలా. పోస్తే కదా మంట!" లిదియమ్మ నవ్వబోయింది.

సారా మొగుడి వైపు తిరిగింది. "కారు తియ్యి, బావా."

సురేంద్రబాబుది అద్దెకు తిప్పే కారు. ఆత్మకూరు రోడ్డు మీద ముల్లు వంద దాటింది.

"గొర్రెల్ని తోలినట్టు తోలతా ఉండావేందిరా?" అని తిట్టింది తల్లి. కాసేపటికి సారాని పట్టుకుని, ఎప్పుడో చనిపోయిన చెల్లెలి పేరుతో పిలవసాగింది. సురేంద్రబాబు ఇంకా గట్టిగా తొక్కాడు.

ఆత్మకూరు ఆస్పత్రిలో డాక్టర్ మధులత మూత్రానికి గొట్టం వేసింది. డికాషన్ రంగులో కొద్ది చుక్కలు సంచిలో పడి ఆగిపోయాయి.

"మంట తగ్గింది కదా మేడం?" అన్నాడు సురేంద్రబాబు.

"తగ్గలేదు. మూత్రమే ఆగిపోయింది. ఇన్ఫెక్షన్ మూత్రాశయం నుంచి కిడ్నీలకెక్కి, రక్తంలో కలిసింది. బీపీ పడిపోయింది. చాలినంత రక్తం అందక కిడ్నీలు వడపోత ఆపేశాయి. ఒళ్లు చల్లబడింది కూడా అందుకే."

"ఇప్పుడెట్టా?"

"యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. డయాలసిస్ కావాలి. నెల్లూరు తీసుకుపోండి. ఆలస్యం చేయొద్దు."

అంబులెన్సులో సురేంద్రబాబు జేబు ఆగకుండా మోగుతూనే ఉంది. వీడియో కింద ఆమెన్, ఆమెన్, ఆమెన్.

"ఆ ఫోను ఆపు, బావా," అంది సారా.

లిదియమ్మ కళ్లు తెరిచింది. ఈసారి తెలివిలోనే ఉంది.

"డాక్టరమ్మ చెప్పింది విన్నాలేరా. దేవుని ముందర అబద్ధం చెప్పినానా నేను?"

"లేదుమా. నీకు తెలిసిందే చెప్పినావు."

"మళ్లా ఆదివారం లేచి సరిగ్గా చెప్తా. మంట పోయిందని సంబరపడొద్దు, పోసినారో లేదో చూసుకోమని ఆడోళ్లందరికీ చెప్పాల."

"నువ్వే చెబుదువులే."

సంగం ఊరు దాటాక ఆమె ఊపిరి ఆగింది. అంబులెన్సు టెక్నీషియన్ ఆమె గుండె నొక్కుతూనే ఉన్నాడు. సారా మాత్రం సంచి వైపే చూస్తోంది. ఆత్మకూరులో పడిన చుక్కలే ఉన్నాయందులో.

మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ సారా లేచింది. "మా అత్త చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది," అంటూ మొదలుపెట్టింది. అంతా చెప్పింది. ఎవరూ స్తోత్రం అనలేదు.

చివరి వరసలో రెబెకమ్మ నడుం పట్టుకుని మెల్లగా లేచింది.

"నాక్కూడా మంటే, పాపా. చలిజ్వరం గూడా ఉండాది."

సురేంద్రబాబు తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. కారు వెనక తలుపు తెరిచాడు. సీటు కింద అమ్మ చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి.