ఆమేన్ అనని ప్రార్థన

చర్చి వరండా అనుకుని కెజియా అడుగు పెడితే అది బస్సు. బస్సులో సీట్లు లేవు, నేల పొడవునా విస్తళ్ళు వేసి ఉన్నాయి, వాటి ముందు ఎవరెవరో కూర్చుని ఉన్నారు, అన్నం వడ్డించి ఉన్నా ఎవరూ చెయ్యి పెట్టడం లేదు. కృతజ్ఞత కూడిక భోజనాలు కాబోలనుకుంటూ ఆమె వరుస వెంట నడుస్తుంది, నడిచేకొద్దీ వరుస సాగుతుంది, చివరికి అది తన వంటింట్లోకే చేరుతుంది. అక్కడ పొయ్యి పక్కన, మొన్న వేసవిలో సమాధి చేసి వచ్చిన భర్త ఫిలేమోను బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. అతని ముందూ అన్నమే. ఆవిరి మాత్రం లేదు.

"తినండి, చల్లారిపోతోంది," అంటుంది కెజియా. అతను చనిపోయాడని తెలిసే అంటుంది.

"ప్రార్థన కాలేదుగా."

"మీరే చెయ్యండి. ఎప్పుడూ చేసేది మీరేగా."

నిజమే, బతికున్నన్నాళ్ళూ ఆ పెత్తనం అతనిదే. భోజనం ముందు కళ్ళు మూశాడంటే బస్సులో సీటు దొరికినందుకు స్తోత్రం, పోయిన కరెంటు వచ్చినందుకు స్తోత్రం, పాలు పొంగిపోనందుకు స్తోత్రం. పాలు చూసింది నేను, స్తోత్రం దేవుడికా అని కెజియా విసుక్కునేది. కొండవీటి చాంతాడంత ప్రార్థన, కూర చల్లారితే గానీ ఆమేన్ వచ్చేది కాదు. అతను పోయాక ఆ ఇంట్లో అన్నం మీద ప్రార్థన లేదు. కెజియా దేవుడి మీద అలిగింది. కూతురు షారోను తల్లి మొహం వంక చూస్తూ నోరెత్తకుండా తిని లేస్తోంది.

"నాకు కుదరదు," అంటాడు ఫిలేమోను. "కళ్ళు మూతపడట్లేదు కెజియా. ఆసుపత్రిలో నువ్వు మూశావు చూడు, అదే ఆఖరు."

అప్పుడు గమనిస్తుంది, అతను రెప్ప వేయడం లేదు. వరుసలో ఎవరూ వేయడం లేదు. ఆ కళ్ళన్నీ ఇప్పుడు ఆమె వైపే తిరిగి ఉన్నాయి.

"బతికున్నోళ్ళు ఎవరో ఒకళ్ళు చెయ్యాలి. అప్పట్నుంచీ పస్తే."

"నేను కళ్ళు మూస్తే మీరుండరు."

అతను కాదనడు. "ఆకలేస్తోందే," అంటాడు.

"దేనికని చెప్పను స్తోత్రం? మిమ్మల్ని తీసుకుపోయినందుకా?"

"దానికెవరు చెప్పమన్నారు? ఉన్నదానికి చెప్పు."

కళ్ళు తెరిచే మొదలుపెట్టబోతుంది, కానీ నోటి నిండా పచ్చి బియ్యం ఉన్నట్టు మాట పెగలదు. చూస్తుండగానే అతని చెంపలు ఇంకా లోపలికి పోతున్నాయి. మొగుడి ఆకలి చూడలేక కెజియా కళ్ళు గట్టిగా మూసేస్తుంది. "తండ్రీ, నీ మీద నాకింకా కోపమే. అయినా ఈ అన్నానికి స్తోత్రం. ఈయన్ని ఇన్నాళ్ళు నాకిచ్చినందుకు స్తోత్రం." చీకట్లో వేళ్ళు అన్నం కలుపుతున్న చప్పుడు, ముద్ద మింగుతున్న చప్పుడు వినిపిస్తాయి, ఒక్క విస్తట్లో కాదు, వరుస పొడవునా. ఆమేన్ అంటే కళ్ళు తెరవాలి, తెరిస్తే ఎదుట ఎవరూ ఉండరు. అందుకని కెజియా ఆపదు, పిల్లకి జ్వరం తగ్గినందుకు స్తోత్రం, కుళాయిలో నీళ్ళొచ్చినందుకు స్తోత్రం, చింతపండు ఇంకా మిగిలినందుకు స్తోత్రం అంటూ, ఇంకా ఏమున్నాయా అని ఆత్రంగా వెతుక్కుంటూ పోతుంది.

"అమ్మా."

కెజియా ఉలిక్కిపడి లేస్తుంది. వంటింటి గోడకి చేరగిలబడి నిద్రపోయింది, కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ పడుతోంది. ఎదురుగా షారోను కంచంలో అన్నం పెట్టుకుని, చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది.

"నిద్రలో ప్రార్థన మొదలెట్టావు, నేనూ కళ్ళు మూసుకున్నా," అంటుంది పిల్ల, ఇంకా కళ్ళు తెరవకుండానే. "ఎంతసేపమ్మా, ఆమేన్ అను, ఆకలేస్తోంది."

కెజియా పొయ్యి పక్కకి చూస్తుంది. అక్కడ ఎవరూ లేరు.

"ఆమేన్," అంటుంది.

షారోను కళ్ళు తెరిచి గబగబా అన్నం కలుపుకుంటుంది.