పిల్ల గదికి సరిపడా గాలి

గాలికి ధరచీటీ అంటించినవాడి చేతులు పడిపోను, అనుకుంటూ ఆమె గాలి శుభ్రం చేసే రెండు మిషన్ల మధ్య నిలబడిపోయింది, ఒకటి చిన్నది, తెల్లగా, మూత పెట్టిన పాలడబ్బాలా బుద్ధిగా ఉంది, రెండోది దాని మేనమామలా నడుమెత్తున నల్లగా నిలబడి చూస్తోంది, చిన్నదాని ధర చూస్తే పర్వాలేదనిపిస్తుంది, అట్టపెట్టె వెనక చదివితే ఒళ్లు మండుతుంది, గదంతా శుభ్రం చేస్తానని ముందువైపు అరచేతులంత అక్షరాలు, ఎంత గదినో చెప్పే చోట ఆవగింజలంత అక్షరాలు, ఆ చెప్పిన గాలి కూడా ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితేనేనట, ఏదీ ఆ వేగంలో పెట్టి చూపించమ్మా అంటే అమ్మే అమ్మాయి చూపించింది, బాబోయ్, అచ్చం ఇంటి కింద దుకాణంలో మామగారి కంప్రెసరే, ఈ మోతలో పిల్ల నిద్రపోతుందా, నిద్రప్పుడు ఇదిగో మేడమ్ ఈ చంద్రుడి బొమ్మ నొక్కాలి, నొక్కింది, మోత పోయింది, మోతతోపాటు గాలీ పోయింది, పైన చెయ్యి పెడితే చీమ ఊదినట్టు కూడా లేదు, అంటే పిల్ల బడిలో ఉన్నంతసేపూ ఇది ఖాళీ గదిని కడిగేస్తుంది, పిల్ల వచ్చి పడుకోగానే ఇదీ పడుకుంటుంది, భలే ఉద్యోగం, పెద్దదాని సంగతి వేరు, అది మెల్లగా తిరిగినా గదిని తిరగేస్తుంది, ఫిల్టరు దిండంత మందం, వాసనలు పీల్చే బొగ్గు చిన్నదాంట్లో పలచటి జల్లెడకి పూసినట్టుంటే దీంట్లో గుప్పెళ్లకొద్దీ ఉంది, కాకపోతే దీని ధరకి చిన్నవి మూడొస్తాయి, పోనీ మూడు చిన్నవి కొని మూడింటినీ మెల్లగా తిప్పితే, తిప్పొచ్చు, ఫిల్టర్లు మార్చేటప్పుడుంటుంది ముసళ్ల పండగ, ఇంతకీ ఈ లెక్కలన్నీ తనెందుకు వెయ్యాలి, దుమ్ము లేపేది ఒకరు, ఏ చీపురు మంచిదో చదువుకోవాల్సింది ఇంకొకరా.

తను ఈత నేర్పే మనిషి, ఊళ్లో పిల్లలకి నీళ్లలో ఊపిరి ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు వదలాలో చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిన మనిషి, తల పక్కకి తిప్పు, తియ్యి, ముఖం నీళ్లలో పెట్టు, వదులు, వదలకపోతే కొత్తది ఎక్కడ పడుతుందిరా మొద్దూ అని రోజూ మొత్తుకునే మనిషి, అలాంటిది మొన్న తన సొంత కూతురు, ఇంట్లో అందరూ పిట్ట అని పిలిచే ఏడేళ్ల పిల్ల, కొలను మధ్యలో తాడు పట్టుకుని ఆగిపోయింది, వేషాలనుకుంది ముందు, రా రా ఇంకొంచెమే అని ఈల ఊది అరిచింది కూడా, దూకి దగ్గరికెళ్తే పిల్ల ఛాతీలోంచి పిల్లికూతలు, పెదాలు నేరేడు రంగు, అమ్మా గాలి రావట్లేదు, ఎత్తుకుని గట్టు మీద కూర్చోబెడితే తడి వీపు మీద పక్కటెముకలు ఒకటొకటిగా లోపలికి పోతున్నాయి, చుట్టూ మిగతా పిల్లలు తల్లి ముఖంలోకి చూస్తున్నారు, టీచర్ పిట్టకేమైంది, ఏమైందో టీచర్‌కి తెలుసు, ఏమీ కాలేదు, నీళ్లు మింగింది అంతే అని చెప్పింది.

ఛాతీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న మందుల గురించి కాదు, మీ ఇంటి కింద ఏముందమ్మా అని, అడగ్గానే తన మొగుడు చెప్పుల వంక చూసుకున్నాడు, చెక్క సామాను దుకాణమండీ, అమ్మేదా చేసేదా, చేసేదే, బల్లలూ బీరువాలూ, రుద్దడం పాలిష్ కొట్టడం అన్నీ అక్కడే, ఎవరిది, మా నాన్నదేనండీ, డాక్టరమ్మ కలం మూసి, వీలైతే పిల్లని ఆ దుమ్ముకీ వాసనకీ దూరంగా ఉంచండి అంది, వీలైతే, ఎంత మర్యాదైన మాట, మెట్లు దిగితే దుకాణం, మెట్లెక్కితే పిల్ల, మధ్యలో దూరం ఎక్కణ్ణించి తేవాలి, తిరిగొచ్చేటప్పుడు సామాన్ల వ్యానులో ముందు సీట్లో పిట్టని ఒళ్లో పెట్టుకుని తను అడగనే అడిగింది, మీ నాన్నతో మాట్లాడతావా నన్ను మాట్లాడమంటావా, అతను గేరు మార్చాడు, మళ్లీ మార్చాడు, ఏం చెప్పమంటావ్, మూసెయ్యమననా, మనం కూర్చునే నేల దాని మీద కట్టిందే కదా, గాలి శుభ్రం చేసే మిషన్లు వస్తున్నాయిగా, మంచిది చూసి ఏదో ఒకటి తీసుకో, ఏదో ఒకటట, కర్ర విరక్కూడదు పాము చావకూడదు, ఆ కర్రకీ పాముకీ మధ్య ఊపిరాడనిది తన పిల్లకి.

కిటికీలు మూసి ఎన్నాళ్లయిందో, తలుపు కింద సందులో తడిబట్ట కుక్కి ఎన్నాళ్లయిందో, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు, అద్దం మీద, దిండు మీద, మంచినీళ్ల గ్లాసు అంచు మీద, మెత్తగా, పిండిలా, చెక్కని చెక్కగా ఉండనివ్వరు కదా, రుద్దీ రుద్దీ దాని ప్రాణం తీసి పైకి పంపిస్తారు, ఆపైన స్ప్రే మొదలైతే మెట్ల మీదుగా తియ్యటి ఘాటు, పిట్ట పుస్తకాల సంచీ వార్నిష్ వాసనే, జడ విప్పితే జుట్టూ అదే వాసన, ఒకసారి ఉండబట్టలేక దిగి వెళ్లి, మామయ్యా పిల్ల ఇంటికొచ్చే వేళకి కాస్త ఆపుతారా అంటే, ఆర్డరుందమ్మా అన్నాడు, అంతే, ఆ రెండో మాట ఉండదు ఆయన దగ్గర, మహారాజు, ఇప్పుడా మహారాజు కూడా ఇక్కడికి వస్తున్నాడట, ఇందాకే ఫోన్లో చెప్పాడు సుపుత్రుడు, నాన్న బయల్దేరాడు, పిల్ల గదికి మిషను కొంటున్నామంటే నేనూ చూస్తానన్నాడు, ఎందుకని చెప్పావ్ మిషను, రోడ్డు దుమ్ముకని చెప్పా, రోడ్డు దుమ్ము, పాపం రోడ్డుకి నోరులేదు కాబట్టి సరిపోయింది, ఎవరేమన్నా పడుంటుంది, ఫోన్ పెట్టేసిందో విసిరేసిందో సంచీలోకి, అమ్మే అమ్మాయి భయంగా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆయన వచ్చాడు, లిఫ్టు గుమ్మానికి పనిచెయ్యదని అట్ట వేలాడుతోంది కాబట్టి మూడంతస్తులూ మెట్లెక్కే వచ్చి ఉంటాడు, ఫ్రిజ్జుల వరస దగ్గర ఆగాడు, ఒక ఫ్రిజ్జు మీద చెయ్యి ఆనించి దాన్ని కొనేవాడిలా నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల నున్నగా దువ్వుకున్నాడు, గోళ్ల చుట్టూ మాత్రం ఎంత తోమినా పోని వార్నిష్ రంగు, ఏదమ్మా, అని ఆగి, మిషను, అన్నాడు, ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఆ పొదుపొకటి, చూపించింది, చిన్నదీ పెద్దదీ, ధరా పనీ, మోతా ఫిల్టరూ, పళ్ల బిగువున ఒక్కొక్కటీ అప్పజెప్పింది, ఆయన పెద్దదాన్ని కణుపులతో తట్టి చూశాడు చెక్క నాణ్యం చూసినట్టు, ప్లాస్టిక్కే, అనుకున్నాడు, తర్వాత అమ్మే అమ్మాయి వైపు తిరిగి చాలా మామూలుగా, థిన్నర్ వాసన, పడుతుందా, అని అడిగాడు.

తెలుసు, ఈయనకి తెలుసు, వార్నిష్‌లో కలిపే థిన్నర్‌కీ రోడ్డు దుమ్ముకీ ఏం సంబంధం, ఆమెకి చెవుల్లో కొలను నీళ్లు దూరినట్టు హోరు, రోడ్డు దుమ్మని కొడుకు అల్లిన కథ, మాట బయటపడకుండా తను మింగిన ఏడాది, తలుపు సందుల్లో కుక్కిన తడిబట్టలు, అన్నీ ఈయనకి తెలిసే జరిగాయి, మీకు తెలుసా మామయ్యా, అనేసింది, ఎంత గట్టిగా అందంటే పక్కన టీవీలు చూస్తున్న దంపతులు ఇటు తిరిగారు, తెలుసమ్మా, ఎప్పట్నించి, చాన్నాళ్లు, తెలిసి కూడా కొడుతున్నారా, పిల్ల పైన పిల్లికూతలు కూస్తుంటే కింద మీరు బీరువాలకి మెరుగు పెడుతున్నారా, ఎవరి బీరువా అది, ఎవరి బట్టలు దాచడానికి, ఆమె గొంతు తనకే కొత్తగా ఉంది, ఈలకి అలవాటు పడ్డ గొంతు, ఆయన తల దించలేదు, గొంతు పెంచలేదు, వాడు చెప్పలేదు, అన్నాడు, నువ్వూ చెప్పలేదు, చెప్తారని, చూశా, చూశారా, మేం చెప్పకపోతే ఆగదా అది, చెయ్యి మీది కాదా, ఆయన ఫ్రిజ్జు మీంచి చెయ్యి తీశాడు, మళ్లీ పెట్టాడు, పెద్దదే తీసుకో, నేనిస్తా, అంటున్నాడు, పొయ్యిలో పచ్చికట్టెలు పెట్టినవాడే పొగకి విసనకర్ర కొనిస్తానన్నట్టు, ఆ మంచితనానికి ఆమెకి ఇంకా మండింది, తిట్టేవాడైతే తిట్టొచ్చు, ఇచ్చేవాణ్ణి ఏం చెయ్యాలి.

అమ్మే అమ్మాయి ఇద్దరి మధ్యా చూపులు తిప్పి, చెప్పాలా వద్దా అని కాసేపు నలిగి, చివరికి చెప్పింది, సార్ ఏమీ అనుకోకండి, దుమ్మైతే ఇది బాగానే ఆపుతుంది, వాసన వేరు, కింద రోజూ కొడుతుంటే బొగ్గు తొందరగా నిండిపోతుంది, ఆ తర్వాత ఉత్త ఫ్యానే, పుట్టిన చోటే బయటికి పంపుకోవాలి సార్, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లుంటాయి, చూడు, అమ్మకానికి కూర్చున్న పిల్ల నోటితో చెప్పించుకున్నాం, అనుకుంటోంది ఆమె, ఇంతలో ఆ పిల్ల ఊరికే అడిగినట్టు అడిగింది, అక్కడ కొట్టేదెవరు సార్, నేనే, ముఖానికేం కట్టుకుంటారు, తువ్వాలు, ఒక్కరేనా, మీవాళ్లెవరూ లేరా సాయానికి, కొడుకున్నాడు, మరి ఆయన కొట్టరా, వాడికి వద్దమ్మా, అన్నాడు మామయ్య, ఆగి, ఆ గాలి, మంచిది కాదు, ఆగి, వాడికి పిల్ల ఉంది.

అందుకా, స్ప్రే వేళయితే వ్యాను తాళాలు కొడుకు చేతిలో పెట్టి, ఫలానా వాళ్లింటికి బల్ల చేర్చు, ఫలానా చోట కొలతలు తీసుకురా అని తరిమేది, వాణ్ణి బండివాణ్ణి చేశాడు, పని నేర్పడు, నమ్మడు అని మొగుడు ఎన్నిసార్లు గొణుక్కోలేదు, తనూ తలూపి ఎన్నిసార్లు ఎగదోయలేదు, పెద్దమనిషికి పెత్తనం తీపి అని, ఆ పెద్దమనిషి ఇప్పుడు మెల్లగా వంగి అమ్ముడుపోయిన వాషింగ్ మిషను పెట్టె మీద కూర్చుంటున్నాడు, కూర్చోవడం కాదది, దిగడం, రెండు చేతులూ మోకాళ్ల మీద ఊని, భుజాలు చెవుల దాకా లేపి, పెదాలు ముడిచి ఊపిరి బయటికి వదులుతున్నాడు, మెట్లెక్కి వచ్చి చాలాసేపయింది, ఇంకా వదులుతున్నాడు, ఆ చప్పుడు ఆమె చెవిలో పడింది, పడ్డాక ఇంకేదీ పడలేదు, లోపలికి పొట్టిగా, బయటికి పొడుగ్గా, చివర సన్నటి ఈల, నీళ్లలో ముప్ఫైమంది పిల్లలు కొట్టుకుంటుంటే వాళ్లలో ఎవరి ఊపిరి తప్పిందో గట్టు మీంచి వినిపించే చెవి ఇది, ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఎక్కడ పెట్టుకుంది దీన్ని, రెండు మాటలు, ఆగడం, రెండు మాటలు, ఆగడం, అది పొగరు కాదు, పొదుపూ కాదు, మూడో మాటకి గాలి లేదాయనకి, ఆర్డరుందమ్మా, అంతే పట్టింది ఆ ఊపిరికి, మిగతా మాటలు ఆయన లోపలే ఉండిపోయాయి, తను వాటికి మహారాజని పేరు పెట్టింది.

కోపం తగ్గిందా అంటే లేదు, ఇంకా పెరిగింది, కాకపోతే ఎవరి మీద విసరాలో తెలీక చేతిలో కాలుతోంది, మొగుడి మీద, తన మీద, చెప్తారని చూసి కూర్చున్న ఈయన మీద, అందరూ ఒకరికొకరు మర్యాదలు చేసుకుని చివరికి పిల్ల ఛాతీలో కూర్చోబెట్టారు ఆ మర్యాదని, మామయ్యా లేవకండి, మాట్లాడకండి, ముందు పూర్తిగా వదలండి, ఇంకా, ఇంకా ఉంది లోపల, వదలండి, అంది ఈలలాంటి గొంతుతోనే, ఆయన బడిపిల్లాడిలా వదిలాడు, అమ్మాయ్ కాసిని నీళ్లివ్వమ్మా, అమ్మాయి పరిగెత్తి తెచ్చింది, ఏది మేడమ్ మరి, చిన్నదా పెద్దదా, ఏదీ వద్దు ఇప్పుడు, ఆ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎక్కడమ్ముతారో చెప్పు, ముఖానికి పెట్టుకునేవి, తువ్వాలు కాదు, సరైనవి, అవెక్కడ, రేపు పిట్టని చూసిన డాక్టరు దగ్గరికే వెళ్తున్నాం మామయ్యా, పిట్టకా, కాదు మీకు, నాకెందుకమ్మా, ముందు పిల్ల గది, చూడు, అన్నాడు, ఆయనకి కోపం రాదేమిటి, ఎవరన్నా ఇంతమందిలో అరిస్తే రావాలి కదా, ఆ నీళ్ల గ్లాసు పట్టుకున్న వేళ్లకి గోళ్ల చుట్టూ ఆ రంగు, పిల్ల గది పొడుగెంత వెడల్పెంత, కప్పు ఎత్తెంత, గంటకి ఎన్నిసార్లు గాలి మారాలి, అన్నీ కొలిచి కాగితం మీద రాసుకొచ్చింది తను, ఆ గది కింద ఇంకో గది ఉందనీ, అందులో ఒక మనిషి ఉన్నాడనీ, పొడైనా ఘాటైనా పుట్టగానే మొదట ఆయన ఛాతీలోకే వెళ్తుందనీ, మెట్లెక్కి పిట్ట దాకా వచ్చేది ఆయన పీల్చగా మిగిలిందేననీ ఆమెకి ఇప్పుడు తెలిసింది.