సున్నాలు గుడ్లయిన పద్నాలుగు నెలలు

ఇంట్లో అతని పేరు సర్వజ్ఞుడు. చిన్నప్పుడు నాన్న వెక్కిరింతకి పెట్టిన పేరది. వెక్కిరింత అని ఊరందరికీ తెలుసు, ఒక్క అతనికి తప్ప. పెరిగి పెద్దవాడై, బడిపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాక ఆ పేరు కాస్తా బిరుదైపోయింది. ప్రింటరు మొరాయించినా అతనే రావాలి, ఫైలు మాయమైనా అతనే వెతకాలి. పనిమంతుడే, నేను కాదనను. కాకపోతే ఒక జబ్బుంది మనిషికి. ఎవరైనా వచ్చి ఫలానాది సరిగ్గా లేదంటే, సరిగ్గా లేనిది ఆ చెప్పేవాళ్ళేనేమోనని ముందు చూస్తాడు.

ఆ ఉద్యోగం ఇప్పించింది వదిన. అన్నయ్య భార్య. ఆ ప్రెస్సులో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు దిద్దుతోంది. అచ్చుకి వెళ్ళే ప్రతి పేజీ ముందు ఆమె తెరమీదికి రావాలి, ఆమె సరేనన్నాకే కదలాలి. "మా మరిది బుద్ధిమంతుడండీ, పూచీ నాది" అని ఆమె మేనేజరుతో చెప్పబట్టే ఇతనికి అక్కడ బల్లా కుర్చీ దొరికాయి. ఆ మాట ఆమె మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. అతనైతే మర్చేపోయాడు.

ఇవాళ ఆ వదిన తన సొరుగు ఖాళీ చేస్తోంది. రేపటినుంచి ఆమె పని కింద బైండింగు గదిలో, పుస్తకాల కట్టలకి తాడు బిగించడం. ఆమె కుర్చీలోకి కొత్తమ్మాయి వస్తుంది, పదకొండింటికి. కొత్తమ్మాయికి రెండు మానిటర్లు కావాలట. అవి పెట్టడానికే సర్వజ్ఞుడు పొద్దున్నే వచ్చాడు.

ఎందుకిలా అయిందంటే, లెక్కల పుస్తకం వల్ల. ఎనిమిదులు మూడులైపోయాయి, ఆరులు సున్నాలైపోయాయి. బళ్ళలో పిల్లలు ఎంత తన్నుకున్నా వెనక ఇచ్చిన జవాబు రాలేదు. టీచర్లు ఉత్తరాలు రాశారు. చివరికి ప్రెస్సంతా కూర్చుని ప్రతి పుస్తకంలో సవరణ చీటీ అంటించారు. వదిన కూడా కూర్చుని అంటించింది, అందరి మధ్యా, తలెత్తకుండా.

అంతకు చాలా ముందునుంచే ఆమె చెబుతూనే ఉంది. "ఏమయ్యా, ఈ కొత్త మానిటర్ వచ్చిన దగ్గర్నుంచీ అక్షరాలు లావెక్కినట్టున్నాయి. మసగ్గా ఉన్నాయి. ఒకసారి చూడవూ?"

సర్వజ్ఞుడు వచ్చేవాడు. ఆమె కుర్చీ వెనక నిలబడి, భుజం మీదుగా చెయ్యి చాపి, అక్షరాల సైజు రెండంకెలు పెంచేవాడు. "ఇప్పుడెలా ఉంది వదినా?"

"పెద్దవయ్యాయి గానీ మసక పోలేదు. సున్నా చూడు, పడుకోబెట్టిన కోడిగుడ్డులా లేదూ?"

ఆ మాటకి ఎంత నవ్వాడో! ఆ పూట ఇంట్లో అన్నాల దగ్గర అందరికీ చెప్పాడు. "వదినకి సున్నాలు కోడిగుడ్లలా కనిపిస్తున్నాయట. అన్నయ్యా, ఆవిడకి పొద్దున టిఫిను సరిగ్గా పెడుతున్నావా లేదా?" అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు దేన్ని సరిగ్గా చూడలేకపోయినా "గుడ్డులా ఉందా?" అనడం అలవాటైపోయింది.

"కాగితం మీద చదివితే బాగానే ఉందయ్యా" అందోసారి.

"కాగితం వేరు, తెర వేరు వదినా. వయసు మీద పడుతోంది, కళ్ళు చూపించుకో."

చూపించుకుంది. పాపం, అతనే దగ్గరుండి తీసుకెళ్ళాడు. మీ వయసుకి కళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా అన్నాడు డాక్టరు. సర్వజ్ఞుడు ఊరుకుంటేనా? ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, కంప్యూటరు అద్దాలని చెప్పి ఒక జత రాయించుకొచ్చాడు. అవి పెట్టుకుంటే ఆమెకి తలనొప్పి వచ్చేది. అయినా పెట్టుకునేది, మరిది అంత శ్రమపడి తెచ్చాడు కదా అని.

లెక్కల పుస్తకం గొడవయ్యాక మేనేజరు ఇద్దర్నీ పిలిచారు. "లోపం మనిషిలోనా, మెషీన్లోనా? నాకు కాగితం మీద కావాలి" అన్నారు. వదిన పక్కన కూర్చునే ఉంది. సర్వజ్ఞుడు అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. 'పరీక్షించాను. కంప్యూటరులో గాని, మానిటరులో గాని ఏ లోపమూ లేదు.' వదిన ఆ కాగితం చదివింది, చదవడం ఆమె పని కదా. చదివి, మడిచి, మేనేజరు చేతికి తనే అందించింది.

సరే, ఇవాళ్టికొద్దాం. రెండో మానిటర్ తగిలించాడు. చీకటి. కేబుల్ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. చీకటే. వేరే కేబుల్ తెచ్చాడు, అదే చీకటి. అసలు రెండో మానిటర్ అనేదే తనకు తెలియదన్నట్టు కూర్చుంది కంప్యూటరు.

"పట్టుకోనా?" అంది వదిన, చేతిలో తుడిచే గుడ్డతో. కొత్తమ్మాయి కోసమని కీబోర్డు తుడుస్తోంది.

"వద్దులే వదినా. నువ్వు లే, నేను కూర్చుంటాను."

ఆమె లేచింది. అతను కూర్చున్నాడు. కూర్చోగానే ఏదో తేడాగా అనిపించింది. అక్షరాలు తడిసి ఆరినట్టున్నాయి. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అవి అలాగే ఉన్నాయి.

ఆ కంప్యూటరు నడిచేది లైనక్స్ మీద. ఆదేశాలు టైపు చేసే నల్లకిటికీ ఒకటి తెరిచి, తగిలించిన మానిటర్ల జాబితా చూపించమని అడిగాడు. ఆ జాబితాలో ఒక పద్ధతుంది. మానిటర్ తనకి ఏ కొలత సరిపోతుందో చెబుతుంది, ఆ కొలత పక్కన ప్లస్ గుర్తు వస్తుంది. నిజంగా నడుస్తున్న కొలత పక్కన నక్షత్రంలాంటి చుక్క గుర్తు వస్తుంది. రెండూ ఒకే వరుసలో ఉండాలి. ఇక్కడ ప్లస్ పైన వెడల్పాటి పెద్ద కొలత దగ్గరుంది. చుక్క ఎక్కడో కింద, పాత నలుచదరపు మానిటర్ల కాలంనాటి చిన్న కొలత దగ్గరుంది.

అంటే చిన్న బొమ్మని పట్టి పెద్ద తెరకి అడ్డంగా సాగదీస్తున్నారన్నమాట. సాగదీస్తే అక్షరం లావెక్కుతుంది, మసకబారుతుంది, సున్నా పడుకుంటుంది.

'ఎవడ్రా ఈ పని చేసింది?' అనుకున్నాడు. నిజంగా అలాగే అనుకున్నాడు, కోపంగా. వెతికాడు. కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ దానంతటది నడిచే ఫైలొకటుంటుంది. అందులో దొరికింది. మొదటి మానిటర్ ఈ చిన్న కొలతలోనే నడవాలి, రెండో మానిటర్ జోలికి పోకూడదు అని ఒకే ఒక్క లైను. రెండు రోగాలకీ మూలం అక్కడే ఉంది.

ఆ లైను పైన ఒక వివరం రాసుంది. మనవాడికి అదొక గొప్ప. తను రాసే ప్రతి లైనుకీ కారణం, తేదీ, తన పొడి అక్షరాలు రాసిపెడతాడు. 'రేపు ఎవరు చూసినా అర్థం కావాలి' అని అందరికీ పాఠాలు చెబుతాడు. అర్థమైంది.

'పాత మానిటర్ తన కొలత చెప్పలేకపోతోంది. తాత్కాలికం. కొత్త మానిటర్ రాగానే ఈ లైను తీసేయాలి.' కింద తేదీ. కింద తన పొడి అక్షరాలు.

కొత్త మానిటర్ వచ్చి పద్నాలుగు నెలలైంది. ఆ రోజు బొమ్మ తెరనిండా వచ్చింది కదా అని నిలబడే తగిలించి, నిలబడే వెళ్ళిపోయాడు.

తల కొట్టేసినట్టయింది. కోడిగుడ్డు, టిఫిను, తలనొప్పి అద్దాలు, సంతకం పెట్టిన కాగితం, చీటీలంటిస్తున్న వదిన తల, అన్నీ ఒకదానిమీద ఒకటి వచ్చి పడ్డాయి. వదిన మొదటి రోజే చెప్పింది. సున్నా ఎలా ఉందో కూడా చెప్పింది. ఇంతకన్నా ఏ మనిషి చెప్పగలదు?

"ఏమైందయ్యా, అలా అయిపోయావు?" అంది వదిన.

"ఏం లేదు వదినా."

లైను ముందు గుర్తొకటి పెట్టి, ఇక నడవకుండా దాన్ని పడుకోబెట్టాడు. ఏ లైనూ చెరిపేయకపోవడం కూడా అతని అలవాటే. తర్వాత, ఎవరి కొలతలో వాళ్ళు నడవండని మానిటర్లకి చెప్పే చిన్న మాట కొట్టాడు. రెండు తెరలూ ఒక్కసారి ఆరిపోయాయి. మళ్ళీ వెలిగాయి, రెండూ.

వదిన చేతిలో గుడ్డ ఆగిపోయింది. తెరకేసి వంగింది. అద్దాలు తీసేసింది. కనుబొమలు ముడిచి, విప్పి, సగంలో ఆపిన సైన్సు పుస్తకం పేజీలో ఒక అంకె మీద వేలు పెట్టింది. "ఇది మూడు. ఇక్కడ ఎనిమిదుండాలి. నిన్న ఈ పేజీ నేనే చూశాను!" అంది. "ఏం చేశావయ్యా? నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట. అమ్మయ్య! గుడ్డిదాన్నైపోతున్నానని ఎన్ని రోజులు భయపడ్డానో తెలుసా? మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఏం మార్చావు?"

ఇక్కడ చెప్పాలి. నోరు తెరిచాడు కూడా.

"కేబుల్ వదినా" అన్నాడు. "కేబుల్ పాడైంది."

"నీ చేతిలో చలవుందయ్యా!" అని వీపు తట్టింది. అంతకన్నా ఒక లెంపకాయ కొట్టినా బాగుండును.

పదకొండు కాకముందే మేనేజరు వచ్చారు, వెనక కొత్తమ్మాయి సంచితో. వదిన ఆగలేక చెప్పేసింది, "సార్, నా కళ్ళు కాదండీ! కేబులట! ఇప్పుడు చూడండి ఎంత బాగుందో."

మేనేజరు సర్వజ్ఞుడికేసి చూశారు. "కేబుల్ ఎప్పుడు పాడైంది?"

సర్వజ్ఞుడు నీళ్ళు నమిలాడు. "అదీ... ఈమధ్యే అయ్యుండాలి సార్."

"మరి లెక్కల పుస్తకం నాటికి బాగానే ఉందిగా, మీరు రాసిచ్చారు. సరేనమ్మా, కళ్ళు బాగున్నాయంటే సంతోషం. కానీ తప్పులు తప్పులే. ఈ అమ్మాయికి పని చూపించి, మీరు కిందికి వెళ్ళండి."

వదిన మొహంలో వెలుగు అక్కడికక్కడే ఆరిపోయింది. సరేనండీ అంది. కొత్తమ్మాయికి పేజీ చూపించడానికి తెరకేసి తిరిగింది. ఎదురుగా ఏ అక్షరముంటే దాన్ని చదవకుండా ఆ కళ్ళు ఉండలేవు. పేజీ పక్కకి జరపగానే, దాని వెనక అతను మూయడం మరిచిన ఫైలు బయటపడింది. ఇప్పుడు అందులో అక్షరాలు చిన్నవి, సూదిమొనల్లా ఉన్నాయి. ఆమె చదివింది. తేదీ చదివింది. పొడి అక్షరాలు చదివింది.

అతను చూస్తూనే ఉన్నాడు. ఆమె పెదవులు కదిలి ఆగడం చూశాడు. ఇక భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

వదిన మౌస్ అందుకుని ఆ ఫైలు మూసేసింది. "రామ్మా, ఇక్కణ్ణుంచి మొదలుపెట్టాలి" అంది కొత్తమ్మాయితో, మామూలు గొంతుతో. తర్వాత సొరుగులోని సామాను సర్దుకున్న సంచి భుజానికి తగిలించుకుంది. పూచీ నాది అన్న మనిషి, ఇరవై రెండేళ్ళ కుర్చీ వదిలేసి, ఆ పూచీ ఇంకా మోస్తూ తలుపు దాకా వెళ్ళింది.

"సార్!" అన్నాడు సర్వజ్ఞుడు. కేక వేసినట్టే వచ్చింది. అందరూ ఆగారు. "కేబుల్ కాదు సార్. అబద్ధం చెప్పాను. తప్పు నాది."

మళ్ళీ ఆ ఫైలు తెరిచాడు. తను రాసుకున్నది తనే పైకి చదివాడు. తాత్కాలికం. తీసేయాలి. తేదీ. "పద్నాలుగు నెలలుగా ఆవిడకి ఈ తెర ఇలాగే కనిపించింది సార్. మొదటి రోజునుంచీ చెబుతూనే ఉంది. నేను పరీక్షించానని రాసిచ్చాను. పరీక్షించలేదు."

మేనేజరు ఆఫీసునుంచి ఆ పాత కాగితం తెప్పించారు. బల్లమీద పెట్టి, సంతకం కింద ఖాళీ చూపించారు. "ఇప్పుడు చెప్పిందంతా ఇక్కడ రాయండి. మీ సంగతి రేపు మాట్లాడదాం." వదినవైపు తిరిగి, "అమ్మా, ఆ సంచి దించండి. ఈ అమ్మాయికి పక్కన ఇంకో బల్ల వేయిస్తాను, మీ దగ్గరే పని నేర్చుకుంటుంది" అన్నారు. అందరి మధ్యా ఆమె అంటించిన చీటీల మాట మాత్రం ఎత్తకుండానే వెళ్ళిపోయారు.

సర్వజ్ఞుడు అక్కడే కూర్చుని రాశాడు. వంకరటింకరగా వచ్చింది. వదిన పక్కన నిలబడి, అలవాటు కొద్దీ, అతను రాస్తుంటే చదివింది.

"వదినా" అన్నాడు, తలెత్తే మొహం లేక కాగితానికే చెబుతూ. "నన్ను తిట్టు."

"తిట్టి ఏం చేసేది?" అంది. "పద్నాలుగు నెలల్లో ఎన్నిసార్లు వచ్చావు నువ్వు? ఇరవై సార్లొచ్చుంటావు. అన్నిసార్లూ నా వెనక నిలబడ్డావు. ఇవాళేనయ్యా, నా కుర్చీలో కూర్చున్నావు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగి, ఎదురుగా ఉన్న తెర మసకబారింది.

"ఇంటికెళ్ళాక ఆ గుడ్ల సంగతి అన్నాల దగ్గర మళ్ళీ చెప్పు" అంది వదిన. "మీ అన్నయ్యకి, పిల్లలకి, అందరికీ. ఈసారి మొత్తం చెప్పు." తలనొప్పి అద్దాలు మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది. "ఇక లే. బోలెడు పేజీలు మళ్ళీ చూసుకోవాలి నేను."

అతను లేచాడు. ఆమె కుర్చీ ముందుకి లాక్కుని, పద్నాలుగు నెలల కిందటి మొదటి పేజీ తెరిచింది.