గోడ మీది నా నంబరు

గొర్రెల ఆరోగ్య ప్రాజెక్టు మార్చిలో ముగిసింది. మార్కాపురంలో మా ఆఫీసుకు తాళం పడింది. కానీ చుట్టుపక్కల ఊళ్లలో, గోడల మీద ఎర్ర రంగుతో రాసిన ‘గొర్రెలకు జబ్బా? రమణికి ఫోన్ చేయండి’ మాత్రం అలాగే ఉంది. కింద ఉన్నది నా సొంత నంబరు, అందుకే ఫోన్లు ఆగలేదు. ఆఫీసు ఫోను ఇదిగో ఇస్తాం, అదిగో ఇస్తాం అంటూ ప్రాజెక్టంతా వెళ్లదీసిన మహానుభావుల పుణ్యం అది.

నరేంద్రతో నా పెళ్లి మాట్లాడేటప్పుడు వాళ్లమ్మ రాములమ్మ ఒక్కటే షరతు పెట్టింది.

"ఇంట్లోకి కోడలు రావాల గానీ, గొర్రెల ఆస్పత్రి కాదు. పెండ్లయినాక ఆ ఫోను ఆపాల."

నరేంద్ర మీద ఇష్టంతో సరేనన్నాను. అన్నాళ్లూ ఆ ఫోన్లను తిట్టుకున్నదాన్నే, ఆపేసిన రోజు మాత్రం ఏడుపొచ్చింది.

కాపురానికి వెలిగండ్ల వచ్చాను. నాలుగు రోజులు హాయిగా గడిచాయి. ఆ తర్వాత ఒక పొద్దున అత్త ముగ్గు వేస్తుంటే ట్రాలీ ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. కొనకనమిట్ల నాగులు మామ కుంటుతున్న గొర్రెలను ఒక్కొక్కటే దించాడు. మాకు చుట్టరికమేమీ లేదు, పిలుపే.

"ఏందమ్మా, ఎప్పుడు చేసినా స్విచ్చాఫ్ అంటాది? నీకేమన్నా అయిందేమోనని ఊరూరా అడుక్కుంటా వచ్చినా."

గిట్టల్లో పుండ్లు. మేత మేస్తున్నాయా, నెమరేస్తున్నాయా అని అడిగాను. పుండ్లు కడిగి, గొర్రెలను తడి లేని చోట కట్టమన్నాను. ఇంటికొచ్చిన మనిషిని ఊరికే పంపలేక అత్త అన్నం పెట్టింది. మర్నాడు గిద్దలూరు నుంచి హెలెనక్క గంపలో మేకపిల్లలతో దిగింది. ఆ వెనక కురిచేడు వాళ్లు. కాఫీపొడి అయిపోయింది. ముగ్గు మీద గొర్రె పెంటికలు.

వారం గడిచేసరికి అత్త చీపురు పక్కన పడేసి లోపలికి నడిచింది. నన్ను పుట్టింటికి పంపేస్తుందనుకున్నాను. ఆమె నా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

"ఆన్ చెయ్యి."

"నువ్వే వద్దంటివి గదా అత్తా?"

"అంటి. ఇట్ల మందలు తోలుకొని ఇంటి మీదికొస్తారని నాకేం తెలుసు?"

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదటి ఫోను వచ్చింది. నేను ముద్ద దించి చెయ్యి చాపేలోగా అత్తే ఎత్తింది.

"మా కోడలు బువ్వ తింటా ఉంది. నాకు చెప్పు నాయనా. మేత మేస్తా ఉందా? నెమరేస్తా ఉందా?"