ఎండకు కుర్చీ

కరెంటు పోగానే మోటారు కుట్టుమిషను పెడల్ మీంచి కాలు తీసేసి, పెరటి వైపు చెవి ఒగ్గడం ఆవిడకు ఇరవై ఏళ్ల అలవాటు. పెరట్లో మొగుడు జనరేటర్ తాడు లాగేవాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి అది దగ్గుతూ లేచేది. అప్పుడాయన కిటికీలోంచి తల పెట్టి "ఊఁ, కానీ" అనేవాడు. ఆ మాట వినబడందే ఆవిడ కాలు మళ్లీ పెడల్ మీద పడేది కాదు. బల్బు వెలిగినా సరే, పడేది కాదు. అదేం చాదస్తమో మరి!

ఆయన పోయి ఏడాదయింది. ఇప్పుడు తాడు ఆవిడే లాగుతోంది. తాడు చివరి కర్రపిడి ఆయన చేతి రాపిడికి నున్నబడిపోయింది. దాన్ని పట్టుకుంటే ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. వదలబుద్ధి కాదు.

అసలు తంటా అంతా అక్కడే వచ్చింది. ఆవిడ కుట్టేది డాక్టర్ల తెల్లకోట్లు. పెరట్లో పొగ లేచిందంటే మసి సరిగ్గా వచ్చి కోటు మీదే వాలుతుంది. ఆ వారం ఆరు కోట్లు మసి మరకలతో వెనక్కొచ్చాయి. కుట్టుకూలిలో సగం ఆ జనరేటరే తాగేస్తోంది, మిగిలినదాన్ని కరెంటు బిల్లు నాకేస్తోంది. పొగకు పక్కింటి పసిపిల్ల ఒకటే దగ్గు. వాళ్లమ్మ పల్లెత్తు మాట అనకుండా కిటికీ మూసేసుకుంది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

"వదినా, డాబా మీద అంత ఎండ ఊరికే పోతోంది. సోలార్ ప్యానెళ్లు వేయించి, ఓ బ్యాటరీ పెట్టించుకో. ఈ దెయ్యాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేయ్" అంది ఆడపడుచు.

"దెయ్యమో భూతమో, మీ అన్నయ్య తెచ్చింది. ఉండనీ."

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. నీ దీపం పొగ తప్ప ఏం ఇస్తోంది చెప్పు?"

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచేసుకుంది. దారం అప్పటికే ఎక్కించి ఉంది.

ఆడపడుచు ఊరుకునే రకమైతే కదా! మర్నాడు పొద్దున్నే ప్యానెళ్లు బిగించే మేస్త్రీని వెంటేసుకుని దిగింది. "చూసి పోతాడులే. చూస్తే నీ డాబా ఏమన్నా అరిగిపోతుందా?" అంది. మేస్త్రీ డాబా ఎక్కాడు. కాసేపటికి పైనుంచి పిలిచాడు.

"అమ్మా, ఒకసారి పైకి రండి. ఇక్కడ ముందే ఎవరో కొలతలు వేశారు."

ఆయన పోయాక ఆవిడకు డాబా ఎక్కే మనసే రాలేదు. బట్టలు కూడా వరండాలోనే ఆరేసుకుంటోంది. రెయిలింగు పట్టుకుని మెల్లగా ఎక్కింది.

డాబా నిండా నీలం రంగు గీతలు. నీళ్లట్యాంకు దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకున్నాయి. వాటిని చూడగానే ఆవిడకు గుర్తొచ్చింది. ఒకప్పుడు బట్ట మీద గీసుకునే సుద్దముక్కలు డబ్బాలోంచి మాయమైపోయేవి. దొంగ ఎవరో తెలియంది కాదు.

"నా సుద్దలన్నీ డాబాకి అరగదీస్తే నేనేం పెట్టి కత్తిరించాలండీ?" అని ఆయన మీద విరుచుకుపడింది.

"ఎండ కదలకుండా ఎక్కడ కూర్చుంటుందో చూస్తున్నానే."

"కూర్చుంటే కుర్చీ వేస్తారా ఏంటి?"

ఆయన నవ్వేశాడు. ఆరేసిన కోట్లకు సుద్ద అంటుతోందని ఆవిడ డాబాని మూడుసార్లు చీపురు పెట్టి కడిగేసింది. మూడుసార్లూ ఆయన కిక్కురుమనకుండా మళ్లీ మొదటినుంచి గీసుకున్నాడు. నాలుగోసారి రంగు కొనుక్కున్నట్టున్నాడు. అప్పటికి ఆవిడ విసిగి కడగడం మానేసింది, అది సుద్ద కాదని ఇప్పుడే తెలిసింది.

"ట్యాంకు నీడ ఏ నెల ఎక్కడిదాకా వస్తుందో గీశారమ్మా" అన్నాడు మేస్త్రీ. "మేం ఒక్కపూటలో అంచనా వేసుకుని పోతాం. ఈయన ఏడాదంతా కాపలా కాశారు. ఏ నెలా నీడ పడని చోటు ఇదిగో, ఇదొక్కటే."

చూపించిన చోట ఒక చదరం ఉంది. దాని మధ్యలో ఆయన వంకరటింకర అక్షరాలు. "ఎండకు కుర్చీ."

ఆవిడ అక్కడే చతికిలబడింది. అరచేత్తో అక్షరాలను రుద్దింది. చెరగలేదు.

"మూడుసార్లు కడిగేశాను" అంది. ఆడపడుచు వచ్చి పక్కనే కూర్చుంది.

"ప్యానెళ్లు పెడితే ఇది పోతుందా బాబూ?"

"పోదమ్మా. స్టాండు మీద లేపి పెడతాం. కింద రాత అలాగే ఉంటుంది. మీకు కనబడదు, అంతే."

ఆవిడ కళ్లకు నీలం గీతలు తడిసి, వంకర్లు పోయి కనిపించాయి.

"ఆయన చూపించిన చోటే పెట్టు" అంది.

వారం తిరిగేసరికి డాబా మీద ప్యానెళ్లు లేచాయి. పాతసామాన్లవాడు జనరేటర్‌ని బండెక్కించుకుపోయాడు. ఆవిడ కర్రపిడిని మాత్రం కోసుకుని గుండీల డబ్బాలో దాచుకుంది.

ఓ మధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. ఎదురుకొట్టులో రేడియో ఠక్కున ఆగింది. ఆవిడ కాలు దానంతటదే పెడల్ మీంచి లేచింది. బల్బు రెప్పైనా వేయలేదు. సూది కింద కోటు మల్లెపువ్వులా ఉంది. పెరటి వైపు చెవి ఒగ్గింది. పక్కింటి కిటికీ తెరిచే ఉంది, పసిపిల్ల ఏదో ఊసులాడుకుంటోంది. ఇంకే చప్పుడూ లేదు.

ఇక లాభం లేదని తనే, అచ్చం ఆయనలాగే, "ఊఁ, కానీ" అంది.

కాలు కదల్లేదు. గొంతు ఆయనది కాదుగా.